ముద్ర వేసిన ఇంజను

సిద్దిపేట మార్కెట్ యార్డులో ధాన్యపు బస్తాలు తూచు కాంటాను మీలో పలువురు చూచియుందురు. తూనిక జరుగుచున్నంతసేపు రైతు చూపు అంకెలమీదనే నిలిచియుండును. కొనువాని చూపును అచటనే యుండును. ఆ కాంటాకు ఒక మూల సన్నని తీగ యొకటి, దాని కొసలు కలిపి నొక్కిన చిన్న సీసపు బిళ్ళ యొకటి వ్రేలాడుచుండును. దానిని గమనించువారు తక్కువ. తూనికలు కొలతల శాఖవారు కాంటాను ప్రమాణపు రాళ్ళతో సరిచూచి, లోపలి భాగములను మరల ఎవరును కదల్పకుండునట్లు ఆ ముద్ర వేయుదురు. తీగ తెగినచో, అంకెలు సరిగా కదలుచున్నను ఆ కాంటాను నమ్మరాదు. వ్యాపారిని దొంగయని చెప్పుటకు వేసిన ముద్ర కాదది. అతడు నిజాయతీపరుడైనచో ఆ బిళ్ళయే అతని పక్షమున సాక్ష్యము చెప్పును.

ఇట్టి ముద్రనే మోటారు పందెములలో ఇంజనుకు కూడ వేయుదురు. ఈ సంగతి మన ప్రాంతమున అంతగా తెలియదు. ముఖ్యముగా కార్టులను చిన్న బండ్ల పందెములలో ఈ పద్ధతి చాల కాలముగా నడచుచున్నది. ఆ పందెములలో పాల్గొనువారిలో ఎక్కువమంది మీ యీడు పిల్లలే. కొందరు మీకంటె చిన్నవారు.

కార్టు అనగా ఉక్కు గొట్టముల చట్రము, నాలుగు చిన్న చక్రములు, ఒక కుర్చీ, ప్రక్కన బిగించిన ఒక చిన్న ఇంజను, ఇంతియే. దానికి స్ప్రింగులు లేవు, తలుపులు లేవు, పైకప్పు లేదు. నడుపువాడు నేలకు కొద్ది అంగుళముల ఎత్తున కూర్చుండును. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఆర్ట్ ఇంగెల్స్ అను పనివాడు, గడ్డికోత యంత్రములకై తయారైన ఇంజను నొకదానిని ఇట్టి చట్రమునకు తగిల్చి మొదటి కార్టును నిర్మించెను. అతడు పందెపు కార్లు చేయు కర్మాగారమున పనిచేసినవాడు. విరామవేళల వినోదముగా మొదలైన ఆ పని కొద్ది యేండ్లలోనే దేశదేశములకు వ్యాపించెను. 1962 నాటికి అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఈ క్రీడకై ప్రత్యేకముగా ఒక సంఘమును ఏర్పరచెను. ప్రపంచ విజేతలైన ఐర్టన్ సెన్నా, మైకేల్ షూమాకర్, లూయిస్ హామిల్టన్ మున్నగువారు బాల్యమున కార్టులు నడిపినవారే. సిద్దిపేటనుండి రాజీవ్ రహదారిమీద సుమారు 100 కిలోమీటర్లు పోయినచో హైదరాబాదు వచ్చును. ఆ నగర పరిసరములలో రుసుము చెల్లించి సరదాకు కార్టు నడుపు స్థలములు కలవు. సరదాకు నడుపునపుడు ఇంజనును ఎవరును విప్పి చూడరు. గెలుపోటములు లెక్కించు పందెమున మాత్రము కథ వేరు.

కృష్ణా, గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ఎడ్లచే బండలు లాగించు పోటీలు జరుగుట మీరు వినియుందురు. అచట ఎడ్లజతలనన్నిటిని ఒక్కచోట నిలిపి పోటీ పెట్టరు. పాలపళ్ళ జతలు, రెండు పళ్ళ జతలు, నాలుగు పళ్ళ జతలు, ఆరు పళ్ళ జతలు అని విభాగములు చేయుదురు. ఎద్దు యజమాని నోటిమాటను నమ్మక, ఎద్దు నోరు తెరచి పళ్ళు లెక్కింతురు. కార్టు పందెమునందును ఇదే న్యాయము. వయస్సునుబట్టి, ఇంజను పరిమాణమునుబట్టి విభాగములుండును. ఒక విభాగమున ఇంజనులన్నియు సమానముగా నుండవలెను. అప్పుడే గెలిచినది నడిపిన చేయియో, ఇంజనుపై వెచ్చించిన ధనమో తెలియును. అయితే ఇంజను నోరు తెరచుట ఎద్దు నోరు తెరచుటవలె సులభము కాదు.

ఇంజనులో సిలిండరను గొట్టము, అందులో పైకి క్రిందికి కదలు పిస్టను ఉండునని మీ విజ్ఞానశాస్త్రమున చదివియుందురు. ఆస్ట్రియా దేశమున రోటాక్స్ సంస్థ తయారుచేయు కార్టు ఇంజనును ఉదాహరణముగా గైకొందము. దాని సిలిండరు లోపలి వ్యాసము 54 మిల్లీమీటర్లు. పిస్టను కదలు దూరము 54.5 మిల్లీమీటర్లు. వ్యాసార్ధమైన 27ను 27చే గుణించి, దానిని 3.1416చే గుణించి, వచ్చిన వైశాల్యమును 54.5చే గుణింపుడు. సుమారు 124.8 ఘన సెంటీమీటర్లు వచ్చును. ఇది 125 ఘన సెంటీమీటర్ల విభాగపు ఇంజను. కావున హద్దులోపలనే యున్నది. ఇపుడు ఎవడైన సిలిండరు గోడను చుట్టును ఒక మిల్లీమీటరులో పదవ వంతు మాత్రము అరగదీసెననుకొనుడు. వ్యాసము 54.2 అగును. మరల లెక్కింపుడు: 125.7 వచ్చును. తలవెండ్రుక మందమంత లోహము పోయినంత మాత్రమున ఇంజను హద్దు దాటినది! బయటనుండి చూచువానికి ఏ భేదమును కనబడదు.

ఇంత స్వల్పమైన మార్పువలన ఏమి లాభమని మీరడుగవచ్చును. ఒక కిలోమీటరు పొడవుగల బాటను ఒక కార్టు 50 సెకనులలో చుట్టునని అనుకొందము. అనగా సగటున సెకనుకు 20 మీటర్లు. చుట్టు ఒక్కింటికి సెకనులో పదవ వంతు కలిసివచ్చినచో, 15 చుట్లకు ఒకటిన్నర సెకను లాభము. ఆ ఒకటిన్నర సెకనులో కార్టు 30 మీటర్లు పోవును. కార్టు పొడవు సుమారు రెండు మీటర్లు మాత్రమే. మొదటివానికి రెండవవానికి నడుమ ఒక్క కార్టు పొడవు కూడ లేని పందెములు ఎన్నియో జరుగును. అట్టిచోట 30 మీటర్లు అనగా చిన్న సంగతి కాదు.

ఇంజను మోసమునకు త్రోవలనేకములు. అన్నిటిని ఇచట వివరించుట అనవసరము, కొంత అనుచితము కూడ. సిలిండరు మూతను క్రింది ముఖమున అరగదీసినచో పిస్టను పైన మిగులు చోటు తగ్గి, ఆవిరియైన ఇంధనము మరింత గట్టిగా నొక్కబడి బలముగా ప్రేలును. చిన్నపిల్లల విభాగములలో వేగము మితిమీరకుండుటకై ఇంజను ఊపిరిని అదుపుచేయు సన్నని రంధ్రపు బిళ్ళను అమర్తురు. ఆ రంధ్రమును పెద్దది చేయుట, లేక దాని ప్రక్కనుండి గాలికి దొంగదారి కల్పించుట మరియొక మోసము. పెట్రోలులో ప్రాణవాయువును అధికముగా విడుదలచేయు రసాయనమును కలుపుట ఇంకొకటి. నా మట్టుకు ఇదియే అన్నిటికంటె చెడ్డదనిపించును. ఏలయన, పందెము ముగియునప్పటికి సాక్ష్యమంతయు పొగయై పోవును. అదియుగాక అట్టి రసాయనములలో కొన్ని పీల్చువారికి విషతుల్యములు.

వీనినన్నిటిని పట్టువాడు పరీక్షకుడు. పందెము ముగిసిన వెంటనే ముందు వచ్చిన కార్టులను ఒక ఆవరణలోనికి పంపుదురు. అచటికి తండ్రి గాని, మెకానిక్కు గాని పోరాదు. కార్టుపై ఎవరును చేయి వేయరాదు. మొదట కార్టును, నడిపిన పిల్లవానిని కలిపి తూతురు. విభాగమునకు నిర్ణయించిన కనిష్ఠ బరువునకు తగ్గినచో అంతటితో సరి. పిమ్మట ముద్రను చూతురు. రోటాక్స్ ఇంజనుకు మూతను, సిలిండరును, క్రింది పెట్టెను కలిపి తీగతో బంధించి, అంకె చెక్కిన లోహపు ముద్ర వేసియుండును. ఇంజనుకు గుర్తింపు కార్డొకటి ఉండును. ముద్రమీది అంకెయు, కార్డుమీది అంకెయు ఒకటి కావలెను. అధికారము పొందిన కర్మశాలవారు తప్ప అన్యులు ఆ ముద్ర తెంచరాదు. వారు తెంచి మరమ్మతు చేసినను క్రొత్త ముద్ర వేసి, దాని అంకెను కార్డున వ్రాయవలెను.

అనుమానము కలిగినచో ఇంజనును విప్పుదురు. ఇందలి పనిముట్లు చాల సామాన్యములు. రెండు కొసలుగల కొలబద్ద యొకటి ఉండును. దాని ఒక కొస రంధ్రములో దూరవలెను. రెండవ కొస దూరరాదు. దూరరానిది దూరినచో వాదమునకు తావులేదు. సన్నని గీతలుగల గాజు గొట్టమునుండి నూనె వంటి ద్రవమును చుక్కలు చుక్కలుగా పోసి, పిస్టను పైనున్న ఖాళీచోటును కొలుతురు. అన్నిటిలోను నాకు నచ్చినది టంకపు తీగ పరీక్ష. రేడియోలు బాగుచేయువారి వద్దనుండు మెత్తని టంకపు తీగనే, మంటకొట్టు ప్లగ్గును తీసివేసిన రంధ్రముగుండ సిలిండరు అంచువరకు లోనికి పోనిచ్చి, ఇంజనును చేతితో మెల్లగా ఒక చుట్టు త్రిప్పుదురు. పిస్టను పైకి వచ్చి ఆ తీగను మూతకు నొక్కి చదును చేయును. తీగను బయటికి తీసి చదునైన భాగపు మందము కొలిచినచో పిస్టనుకు మూతకు నడుమ ఎంత సందు మిగిలినదో తెలిసిపోవును. మూతను అరగదీసినవాని గుట్టు అరచేతిలోనికి వచ్చును. కొన్ని పైసల తీగ! లక్షల విలువగల యంత్రము దానియెదుట అబద్ధమాడలేదు.

ఇంత కాపలా అవసరమా? పిల్లల ఆటకు ఇంత అనుమానమేల? ఈ ప్రశ్నకు సమాధానము 1973లో అమెరికాలోని ఆక్రన్ నగరమున దొరికెను. అచట ఇంజను లేని చిన్న బండ్లను పిల్లలు తామే చేసికొని, పల్లపు బాటపై దొర్లించు పందెము ఏటేట జరుగుచుండును. బండ్లను ఆపియుంచు ఇనుప పలకలు ఒక్కసారిగ ముందునకు వాలగానే అవి కదలును. ఆ యేడు గెలిచిన 14 ఏండ్ల బాలుని బండి, తొలి పరుగులలో ఇతరులను చాల దూరము వెనుకకు నెట్టి, పోను పోను మందగించుట కనబడెను. నిర్వాహకులకు సందేహము కలిగి బండిని ఎక్స్‌రే తీయింపగా, ముక్కుభాగమున దాచిన విద్యుదయస్కాంతమును బ్యాటరీయు బయటపడెను. బాలుడు తల వెనుకకు ఆనించినచో మీట నొక్కుకొని, వాలుచున్న ఇనుప పలక బండిని ముందునకు లాగుచుండెను. బ్యాటరీ బలహీనమైన కొలది బండియు మందగించెను. ఆ పథకము వెనుక నున్నవాడు బాలుని మేనమామయో పినతండ్రియో యనదగిన పెద్దవాడు, చదువుకొన్న ఇంజనీరు. బహుమానము పోయినది బాలునికి. లోకమంతయు పరిహసించినది బాలునినే. మోసము చేయుట పెద్దలకు, మోయుట పిల్లలకు: కార్టు పందెములలో పట్టుబడిన సందర్భములలోను తరచుగా ఇట్లే జరుగును. పన్నెండేండ్ల పిల్లవాడు సిలిండరు మూత అరగదీయడు కదా!

పెద్దల పందెములలో ఇంకను గొప్ప పనితనము చూపిరి. 1995లో స్పెయిన్ దేశమున జరిగిన కెటలోనియా ర్యాలీలో టొయోటా జట్టు కార్లను పరీక్షకులు విప్పిరి. ఆ కార్ల ఇంజనులకు పోవు గాలి అంతయు 34 మిల్లీమీటర్ల రంధ్రముగుండనే పోవలెనని నియమము. విప్పి కొలిచినపుడు రంధ్రము సరిగానే యున్నది. అయితే దాని అమరికలో దాగిన స్ప్రింగుల మాయవలన, గొట్టమును బిగించునపుడు బిళ్ళ కొంచెము ముందునకు జరిగి, ప్రక్కనుండి గాలికి దారి యిచ్చుచుండెను. గొట్టము విప్పగానే అది యథాస్థానమునకు వచ్చి, దారి మూసికొనుచుండెను. చూచువానికి చూచునపుడు మాత్రమే నిర్దోషిగా కనబడు యంత్రమది! తాను చూచినవానిలోకెల్ల ఇది మిక్కిలి నేర్పుగల మోసమని సమాఖ్య అధ్యక్షుడే అంగీకరించెను. జట్టు పాయింట్లన్నియు కొట్టివేయబడెను. ఒక సంవత్సరమంతయు పోటీలనుండి అది బహిష్కరింపబడెను. ఆ యంత్రమును రూపొందించిన చేతులు అంత నేర్పును న్యాయమైన మార్గమున వాడియున్న నెంత బాగుండెడిదో యని నాకు తోచును.

పట్టుకొనుటకంటె మోసమునకు ఆశయే లేకుండ చేయుట మేలని కొందరు తలచిరి. అమెరికాలోని కొన్ని పందెములలో ఒక విచిత్రమైన నియమము కలదు. గెలిచినవాని ఇంజనును ముందుగా నిర్ణయించిన ధర చెల్లించి ఓడినవాడు కొనవచ్చును, ఇయ్యననుటకు వీలులేదు. ఇక ఇంజనుపై ఆ ధరకు పదింతలు రహస్యముగ వెచ్చించువాడెవడు? రోటాక్స్ సంస్థ 2000 సంవత్సరమున ప్రారంభించిన ప్రపంచస్థాయి తుది పోటీలలో ఇంకొక పద్ధతి నడచుచున్నది. కార్టులను, ఇంజనులను నిర్వాహకులే సమకూర్చి, చీట్లు తీసి పంచుదురు. ఎవరి చీటికి ఏది వచ్చిన అదియే వారిది. మన దేశమున జాతీయ పోటీలలో గెలిచిన బాలురు కొందరు ఆ చీట్లు తీసినవారే. ఇతర పందెములలో, ప్రక్కవాని ఇంజనుపై అనుమానమున్నవాడు ధరావతు కట్టి ఫిర్యాదు చేయవచ్చును. ఊరక నోరు పారవేసికొనువారిని ఆ ధరావతు అదుపున నుంచును.

కార్టు పందెము పేదవాని ఆట కాదు. ఈ మాటను దాచుట సరికాదు. చక్రములు, ఇంధనము, ప్రయాణములు, మరమ్మతులు అన్నియు ఖర్చుతో కూడినవి. ఐనను ముద్ర వేసిన ఇంజనువలన ఒక మేలు కలిగినది. ముద్ర లేని కాలమున ధనవంతుని కుమారుడు పేరుపొందిన పనివానిచే ఇంజనును పదేపదే సరిచేయించుకొని ముందుండెడివాడు. ఇప్పుడు అతని ఇంజనును, మెకానిక్కు కుమారుడు అప్పుచేసి కొనిన ఇంజనును ఒకే కర్మాగారమున ఒకే కొలతతో తయారై, ఒకే రీతి ముద్రతో వచ్చును. మొదటివాని డబ్బు ముద్రదగ్గర ఆగిపోవును. అచటినుండి మలుపు తిరుగు నేర్పే లెక్క. పరీక్షకుడు కఠినుడని నిందించువారు చాలమంది కలరు గాని, అతడు చూచి చూడనట్లు పోయిన రోజున నష్టపోవువాడు ఆ రెండవ బాలుడే.

నియమభంగమంతయు మోసము కాదు. దీనికి మన హైదరాబాదుననే నిదర్శనము జరిగినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగరు ఒడ్డున, నగర వీథులలోనే, విద్యుచ్ఛక్తితో నడచు కార్ల పందెము జరిగెను. దానిని ఫార్ములా ఈ అందురు. మన దేశమున ఆ పందెము జరుగుట అదియే మొదటిసారి. సిద్దిపేట ప్రాంతమునుండియు యువకులు పోయి చూడదగినంత దగ్గర. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. మూడవవాడుగా గీత దాటినవాడు స్విట్జర్లండు దేశస్థుడు సెబాస్టియన్ బుయెమి. అయితే ఆ మూడవ స్థానము అతనికి దక్కలేదు. ఆ కార్ల మోటారు పందెములో సామాన్యముగా 300 కిలోవాట్ల శక్తిని మించి వాడరాదు. బుయెమి కారు అనుమతించిన శక్తిని మించి వాడినట్లు పరికరములు చూపెను. అతని కాలమునకు దండుగగా సెకనులు కలిపిరి. అతడు పాయింట్లు దొరకని స్థానమునకు దిగజారెను. మూడవ బహుమానము పోర్చుగల్ దేశస్థుడు అంతోనియో ఫెలిక్స్ డ కోస్టాకు పోయెను. బుయెమి మోసము చేసెనని ఎవరును అనలేదు. చక్రము గతుకుపై ఎగిరినపుడు, లేక లెక్కకట్టు యంత్రము తడబడినపుడు శక్తి క్షణకాలము హద్దు దాటవచ్చును. ఐనను కొలత కొలతయే. ఉద్దేశమును విచారింప మొదలిడినచో ప్రతివాడును సదుద్దేశమే చెప్పును! మరుసటి సంవత్సరము హైదరాబాదున జరుగవలసిన పందెము 2024 జనవరిలో రద్దయ్యెను.

ఆ పందెమున ఇంజనును విప్పినవారు లేరు. తీగలద్వారా వచ్చిన అంకెలే సాక్ష్యము చెప్పెను. ఇకముందు మోసములును అంకెలలోనే దాగునని తోచుచున్నది. 2020 సెప్టెంబరులో సైబరాబాదు పోలీసులు ఒక ముఠాను పట్టుకొనిరి. వారు పెట్రోలు పంపులలో చిన్న చిప్పులు అమర్చి, 1000 మిల్లీలీటర్లని చూపుచు 970 మాత్రమే పోయునట్లు చేసిరి. బయటి అంకెలు తిన్నగానే తిరుగుచుండెను. టంకపు తీగకు అందు మోసము కాదది. కార్టు ఇంజనులందును మంట కొట్టు సమయమును, తిరుగుడు వేగపు హద్దును ఒక చిన్న విద్యుత్ పెట్టె నిర్ణయించుచున్నది. దానిలోని లెక్కను మార్చినచో ముద్ర చెదరదు, బరువు మారదు. అందుచే పెక్కు పందెములలో పరీక్షకుడు వచ్చి, నీ పెట్టె విప్పి యిమ్ము, మావద్దనున్న పెట్టె బిగించుకొమ్ము అని అడుగవచ్చునను నియమము పెట్టిరి. ఏ కార్టు వద్దకు వచ్చునో, ఏ వేళకు వచ్చునో అతడు ముందుగా ఎవరికిని చెప్పడు.